పంపనవారి సెల్లారు

నేలకు పైన కట్టేది ఇల్లనీ, నేలలోకి తవ్వేది గొయ్యి అనీ నేను డెబ్బైరెండేళ్ళు నమ్మి బతికాను. నిరుడు ఉగాదికి మా చింతలమిల్లి గ్రామాన్ని మహానగరాభివృద్ధి పరిధిలో చేర్చిన తరువాత ఆ అజ్ఞానం తొలగింది. మహానగరం మాకు అరవైరెండు కిలోమీటర్లు. నడుమ రెండు గోదావరి పాయలు, ఒక పంటు రేవు, అంతులేని రొయ్యల చెరువులు. నగరం మా గడపకు చేరడానికి ఇంకా కొంత కాలం పట్టేట్టుంది కనుక, పెద్దలు దయతో దాని నిబంధనలను ముందుగా పంపించారు. పెళ్ళివారు బయలుదేరకముందే వారి అలకలు విడిదికి చేరినట్లయింది.

ఆ అలకలు మొదట తగిలింది పంపన విరూపాక్షానికి. విరూపాక్షం దేవాంగుడు, మా ఊళ్ళో మిగిలిన ఒకే ఒక గుంటమగ్గానికి యజమాని. నేలలో రెండున్నర అడుగుల గుంట తీసి, దాని అంచున కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి, అక్కడి చెక్కలను తొక్కుతూ నేస్తే అది గుంటమగ్గం. తక్కిన నేతవారు నిలువు మగ్గాలకు, అక్కడినుంచి రొయ్యలకు మారిపోయారు. విరూపాక్షం మారలేదు. ఏటా వైశాఖ శుద్ధ ఏకాదశినాడు మా వేణుగోపాలస్వామికి కల్యాణం జరుగుతుంది. ఆ కల్యాణానికి మధుపర్కాలు గుంటమగ్గం మీదనే, ఒంటిపూట భోజనంతో, పన్నెండు దినాలు నేయాలని ఆచారం. అయిదు తరాలుగా ఆ కైంకర్యం పంపనవారిది.

కార్తికంలో వచ్చిన తుఫానుకు విరూపాక్షం మగ్గపు సాల కూలింది. మాఘమాసం వచ్చేసరికి అతడూ అతని భార్య చౌడమ్మా కలిసి మళ్ళీ మట్టిగోడలు లేపి, పూడిపోయిన గుంటను తోడుకున్నారు. పైకప్పు వేయబోయే నాటి ఉదయం గోడకు ఒక నోటీసు అంటించి ఉంది. గుంట చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ఊళ్ళో అర్జీలు రాసిపెట్టే పని నాది గనుక, చౌడమ్మ ఆ కాగితం పట్టుకుని మా అరుగు ఎక్కింది.

"మేష్టారూ, ఇందులో ఏటో సెల్లారు అని రాసేరండి. మా ఇంట్లో అలాంటిది ఎప్పుడూ లేదండి."

"అనుమతి లేకుండా సెల్లారు నిర్మించినందున తదుపరి ఉత్తర్వుల వరకు అందు ప్రవేశింపరాదు" అని నోటీసు. నేను రెండుసార్లు చదివాను. భాష నిర్దుష్టంగా ఉంది.

మండల కేంద్రంలో నిర్మాణ అనుమతుల అధికారి శ్రీ ఏకాంబరేశ్వరరావు. ఆయన లంచం ముట్టరు. ముట్టేవారైతే ఈ కథ ఇక్కడితో ముగిసేది. మమ్మల్ని ముగ్గురినీ మర్యాదగా కూర్చోబెట్టి, కంప్యూటరు తెర మావైపు తిప్పారు.

"సదరు గుంట లోతు ఎంత?"

"రెండున్నర అడుగులండి, ఆయ్" అన్నాడు విరూపాక్షం.

"భూమట్టానికి దిగువన ఉండే సమస్త నిర్మాణములూ రెండే విధములు. ఒకటి సెప్టిక్ ట్యాంకు. రెండు సెల్లారు. మీది ఏది?"

విరూపాక్షం నా ముఖం వైపు చూశాడు. చౌడమ్మ అందుకుంది. "అందులో మా ఆయన కాళ్ళెట్టుకుని కూచుంటాడండి బాబూ. రోజంతానూ."

"అయితే సెప్టిక్ ట్యాంకు కాదు" అని అధికారి నిర్ధారించి, రెండో గడిలో నొక్కారు.

నేను కలగజేసుకున్నాను. "అయ్యా, అది గది కాదు. కుమ్మరికి సారె ఎట్లాగో నేతగానికి ఆ గుంట అట్లాగు. పనిముట్టులో ఒక అంగం."

"మేష్టారూ, మీరు పెద్దలు. మీ భావం నాకు సంపూర్ణంగా అర్థమైంది" అన్నారాయన, నిజమైన విచారంతో. "కానీ భావం నింపడానికి ఇందులో గడి లేదు."

ఆ తరువాత గడులు వరసగా వచ్చాయి. భవనపు ఎత్తు అన్న గడిలో ఏదో ఒక అంకె వేయక తప్పదు. గుంట కిందికి పోతుంది గనుక ఋణచిహ్నం పెట్టి రెండున్నర అన్నారు. ఎత్తు విషయం గనుక ఆ కాగితం తనంతట తానే విమానాల శాఖకు వెళ్ళిపోయింది. పదిహేను దినాలకు సమాధానం వచ్చింది. "భూమట్టమునకు దిగువన ఎగురు విమానములను ప్రస్తుతము నడుపుట లేదు గనుక అభ్యంతరము లేదు. మున్ముందు నడిపిన పక్షమున ఈ పత్రము చెల్లదు."

విరూపాక్షం ఆ ఉత్తరాన్ని దేవుడి పటం వెనక భద్రం చేశాడు. అంత గౌరవంగా అతనికి ఎవరూ ఎప్పుడూ రాయలేదట.

రెండోసారి వెళ్ళినప్పుడు అగ్నిప్రమాద నివారణ గడి వచ్చింది.

"సెల్లారులో మంటలు లేచిన యెడల, లోపలి వ్యక్తులు బయటపడు మార్గం ఏమిటి?"

"కాళ్ళు పైకి తీసుకుంటానండి."

"అది మార్గం కాదు. అది చర్య. మార్గం ఎటు?"

విరూపాక్షం ఆలోచించాడు. "పైకేనండి."

"పడమరా, తూర్పా?"

"మీరు ఎటంటే అటు తీసుకుంటానండి బాబూ. రెండు కాళ్ళే గదండీ."

ఏకాంబరేశ్వరరావుగారు తూర్పు అని రాసుకుని, చప్పున కలం ఆపారు. "ఇక్కడొక చిక్కుంది. నడుము పైభాగం గ్రౌండ్ ఫ్లోరులో ఉంది. కింది భాగం సెల్లారులో ఉంది. ఒకే వ్యక్తి ఏకకాలంలో రెండు అంతస్తులలో ఉండటానికి ఇంతవరకు ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేదు."

ఒక పాదం భూమి మీద, ఒక పాదం ఆకాశం మీద మోపిన త్రివిక్రముడు నాకు జ్ఞాపకం వచ్చాడు. ఆ స్వామికి మూడో అడుగు మోపడానికి చోటు చూపించడానికి ఒక బలిచక్రవర్తి దొరికాడు. మా విరూపాక్షం రెండు అడుగులు మోపడానికే మూడు నమూనాలు నింపవలసి వచ్చింది.

ఫాల్గుణంలో స్థల తనిఖీకి నీలవేణి అనే సాంకేతిక సహాయకురాలు వచ్చింది. చదువుకున్న పిల్ల, అణకువ గలది. గుమ్మం బయటే చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. టేపుతో గుంటను నాలుగు వైపులా కొలిచి, తల గోక్కుంది.

"బాబాయిగారూ, సెల్లారుకు ర్యాంపు ఉండాలండి. కారు దిగడానికి. ప్రతి అడుగు లోతుకీ ఎనిమిది అడుగుల పొడుగు ఏటవాలు."

"అంటే ఎంతమ్మా?"

"ఇరవై అడుగులండి."

ఇల్లు మొత్తం పదహారు అడుగులు. ర్యాంపు పడగ్గదిలోంచి, వంటింట్లోంచి, తులసికోట మీదుగా సాగి, వీధిలోకి నాలుగు అడుగులు పొడుచుకు వస్తుంది. నీలవేణి అధికారికి ఫోను చేసి, మా అందరికీ వినబడేట్టు పెట్టింది.

"ర్యాంపు వేస్తే ఇల్లు మిగలదంటున్నారు సార్."

"ఇల్లు లేకపోతే అనుమతి మరింత సులభమవుతుందని తెలియజెయ్యి" అని ఫోను పలికింది.

చౌడమ్మ ఫోనుకు దగ్గరగా జరిగింది. "బాబూ, మాకు కారే లేదండి. కారు లేనోళ్ళింట్లో కారు దిగడానికి తోవెందుకండి?"

"మరి మీకున్న వాహనం ఏది?"

"ఓ పాత సైకిలుందండి. గొలుసు ఊడిపోతా ఉంటాది."

అటువైపు పుటలు తిరిగిన చప్పుడు వినబడింది. "అట్లయితే ఇది ద్విచక్ర వాహన సెల్లారు. ర్యాంపు అక్కరలేదు. ఒక మెట్టు చాలును."

చౌడమ్మ వంటింట్లోంచి పీట తెచ్చి గుంటలో వేసింది. నీలవేణి దాన్ని కొలిచి, "మెట్టు ఒకటి" అని రాసుకుంది. ఆ సాయంత్రం విరూపాక్షం స్వామికి కొబ్బరికాయ కొట్టాడు. నేనూ పక్కన నిలబడి కళ్ళు మూసుకున్నాను. మనం కోరినదేదో స్పష్టంగా కోరకపోతే దేవుడు కూడా కాగితంలో ఉన్నదే ఇస్తాడని నాకు అప్పటికి తట్టలేదు.

చైత్రం చివర అనుమతి పత్రం వచ్చింది. ముద్రలన్నీ ఉన్నాయి. రెండో పేజీలో ఒక షరతు ఉంది. "సదరు సెల్లారును వాహనములు నిలుపుటకు మాత్రమే వినియోగింపవలెను. అందు మనుష్యులు గానీ, మనుష్యులలోని ఏ భాగము గానీ ఉండరాదు."

మరునాడే తనిఖీ. గుంటలో సైకిలు నిలబెట్టి చూపించవలసి వచ్చింది. విరూపాక్షం మగ్గాన్ని విప్పి గోడకు చేరవేసి, సైకిలు గుంటలోకి దించాడు. చక్రాలు లోపల, సీటూ హ్యాండిలూ పైన. తల బయటపెట్టి మునిగిన గేదెలా ఉంది. స్వయంగా విచ్చేసిన ఏకాంబరేశ్వరరావుగారు దాన్ని చూసి, ఒక కవి తన పద్యాన్ని ఎవరో తప్పు లేకుండా చదవగా విన్నప్పటి తృప్తితో తల పంకించారు.

"చూశారా మేష్టారూ. నిబంధన పాటిస్తే ఎంత అందం వస్తుందో."

సైకిలు మీదనుంచి బట్ట ఎట్లా వస్తుందని నేను అడగలేదు. ఏకాదశికి ఇక పదిహేడు రోజులే ఉన్నాయి. నేతకు పన్నెండు కావాలి. విరూపాక్షం ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఈ యేడు స్వామికి కొట్టుబట్ట కట్టుకోమని చెప్పండి మేష్టారూ" అన్నాడు గోడ వైపు తిరిగి. "మా తాత కాణ్ణుంచి ఆగని పని నా చేతిలో ఆగింది. నేను గుడి గడప ఎక్కను."

చౌడమ్మ కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చుని ఉంది. నూలు సిద్ధంగా ఉంది, నేసేందుకు చోటు లేదు. కాసేపటికి లేచి, కొంగు నడుముకు దోపుకుంది.

"లేగండి. ఆ బాబుకాడికే పోదాం. మేష్టారూ, మీరూ రండి. ఆయన పుస్తకం మాట్టాడితే మీరు బదులు చెప్పాలి."

కార్యాలయంలో ఆమె కూర్చోలేదు. "బాబూ, సైకిలంటే ఏటండి?"

"కాళ్ళతో తొక్కగా నడచు వాహనము" అన్నారు ఏకాంబరేశ్వరరావుగారు.

"మరి మా మగ్గవూ కాళ్ళతో తొక్కితేనే నడుత్తాదండి. సైకిలుకి చోటిచ్చేరు, దానికీ ఇవ్వండి."

గదిలో ఉన్న గుమాస్తాలు తలలెత్తారు. అధికారి తాపీగా నిబంధనల గ్రంథం తెరిచారు. ఆయనలో కోపం లేదు. ఆ ముఖంలో నేను చూసింది, శాస్త్రచర్చకు పిలుపు వచ్చినప్పుడు పండితునికి కలిగే ఉల్లాసం.

"వాహనమనగా మనుష్యులను గానీ వస్తువులను గానీ ఒక చోటినుండి మరియొక చోటికి చేరవేయు సాధనము. మీ మగ్గం ఏమైనా చేరవేస్తుందా?"

"నూలు చేరేత్తాదండి" అన్నాడు విరూపాక్షం. "నాడెలో ఎట్టి."

"ఎక్కడినుండి ఎక్కడికి?"

"ఈ అంచు కాణ్ణుంచి ఆ అంచుకండి. మళ్ళీ ఆ అంచు కాణ్ణుంచి ఈ అంచుకి."

"రాకపోకలు రెండూ ఉన్నాయన్నమాట. దూరం?"

"నలభై అయిదంగుళాలండి."

"దినానికి ఎన్ని ట్రిప్పులు?"

"ఒంట్లో బాగుంటే ఎనిమిది వేలు దాకా వేత్తానండి, ఆయ్."

ఏకాంబరేశ్వరరావుగారు లెక్క వేశారు. ఒకసారి సరిచూసుకున్నారు. "తొమ్మిది కిలోమీటర్లు దాటింది" అన్నారు నెమ్మదిగా. కిటికీలోంచి బయటికి చూశారు. అక్కడ కార్యాలయపు జీపు రెండేళ్ళుగా ఒకే చోట నిలబడి ఉంది. దాని ముందు సీటులో ఒక కోడి పొదుగుతూ ఉంది. "మా వాహనం కన్నా ఇది ఎక్కువ తిరుగుతోంది. ఒప్పుకోక తప్పదు."

"అయితే రాసెయ్యండి బాబూ" అంది చౌడమ్మ.

"తొందరపడకూడదమ్మా. బ్రేకులు ఉన్నాయా?"

"కాళ్ళు ఆపితే ఆగిపోద్దండి."

"హారను?"

"దాని చప్పుడు మా ఈదంతా ఇనిపిత్తాదండి. ఎవరూ అడ్డం రారు."

"పొగ?"

"ఆయన చుట్ట మానేసి పదేళ్ళయిందండి."

కాలుష్యం లేదని రాసుకున్నారు. అంతలో ఆయన ముఖం వాడిపోయింది. "అంతా కుదిరింది గానీ, మనిషి ఉన్నాడు. వాహనానికి చోటు ఇవ్వగలను. ఆయన కాళ్ళకు ఇవ్వలేను."

చౌడమ్మ నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకున్నాను. "అయ్యా, నిలిపి ఉంచిన వాహనంలో చోదకుడు కూర్చోరాదని తమ గ్రంథంలో ఎక్కడైనా నిషేధం ఉందా?"

ఆయన విషయసూచిక చూశారు. అనుబంధాలు చూశారు. సవరణలు చూశారు. అరగంట గడిచింది. చివరికి కళ్ళద్దాలు తీసి, నాకు నమస్కరించారు.

"లేదు మేష్టారూ. మీవంటివారు మా శాఖలో ఉండవలసింది."

నా జీవితంలో నేను పొందిన సత్కారాలలో దానిని ఎక్కడ ఉంచాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఉత్తర్వు మూడు దినాలకు వచ్చింది. "గుంటమగ్గము (మోటారు లేని వాహనము) ఒకటి, చోదకుడు ఒకరు. చోదకుని పాదములు వాహనములోని భాగములుగా పరిగణింపబడును." ఏకాదశికి పద్నాలుగు రోజులు మిగిలాయి.

తెల్లవారుతూనే విరూపాక్షం తలంటుకుని, మగ్గం నిలబెట్టి, పడుగు ఎక్కించాడు. ఉత్తర్వులోని షరతు ప్రకారం మగ్గం వెనక రెండు ఎర్రని మెరుపు బిళ్ళలు అంటించాడు. గుమ్మానికి "పార్కింగు" అన్న బోర్డు తగిలించాడు. దానికింద చౌడమ్మ పసుపు రాసి బొట్టు పెట్టింది. దారిన పోయే రొయ్యల వ్యాపారి ఒకాయన బోర్డు చూసి, తన కారు అక్కడ పెట్టబోయి, చౌడమ్మ చేత నాలుగు మాటలు పడి వెళ్ళాడు. నాడె చప్పుడు మళ్ళీ వీధిలోకి వచ్చింది. సాయంత్రం గుడిలో పురాణం చెబుతూ నేను ఆ లయకు రెండుసార్లు పద్యం మరచిపోయాను. శ్రోతలూ దాన్నే వింటున్నారు.

తొమ్మిదో రోజున నీలవేణి వచ్చింది. చేతిలో మెమో ఉంది.

"బాబాయిగారూ, నన్ను తిట్టకండి. పార్కింగు స్థలంలో వాహనాలు నిలపాలి గానీ నడపకూడదంట. నడుస్తుంటే సీలు వేసి రమ్మన్నారు."

విరూపాక్షం చేతులు ఆగిపోయాయి. పడుగు మీద ఇంకా మూడు రోజుల పని ఉంది. పసుపు అంచు సగంలో ఉంది. మగ్గం మీది బట్టను అరచేత్తో ఒకసారి తడిమాడు, అంతే.

నీలవేణి ఆ చేతిని చూసింది. సంచిలోంచి సుద్దముక్క తీసి, వంగి, మగ్గం నాలుగు గుంజల చుట్టూ నేల మీద గీతలు గీసింది. తరువాత గోడ వారన చాప మీద కూర్చుంది.

"నెయ్యండి బాబాయిగారూ."

"ఏటమ్మా?"

"నేను తనిఖీ చెయ్యాలి కదా. నడిపించి చూస్తే గానీ నడుస్తుందో లేదో ఎలా తెలుస్తుందండి?"

గంటసేపు విరూపాక్షం నేశాడు. ఆ గంటలో ఆ పిల్ల కన్ను అంచు మీదనుంచి కదలలేదు. ఆపైన లేచి, సుద్దగీతలను టేపుతో కొలిచి, అక్కడే నివేదిక రాసి నాకు చదివి వినిపించింది. "గంటసేపు నడిపించి పరీక్షించగా వాహనము అంగుళమైనను కదలలేదు. సంపూర్ణముగా నిలిచియున్నదని ధ్రువీకరించడమైనది."

"తల్లీ, మజ్జిగ తాగి వెళ్ళు" అంది చౌడమ్మ. నీలవేణి రెండు గ్లాసులు తాగింది.

ఏకాదశినాడు గుడి ముందు తాటాకు పందిరి కింద కల్యాణం. మధుపర్కాలు ముందురోజే వచ్చాయి. తెల్లని నేత, వేలెడు పసుపు అంచు. విరూపాక్షం గడప ఎక్కి, వాటిని స్వామి పాదాల దగ్గర పెట్టి, మండపం మూలన ఒదిగి కూర్చున్నాడు. ఏకాంబరేశ్వరరావుగారు పట్టుపంచె కట్టి సకుటుంబంగా విచ్చేశారు. భక్తిపరుడే. గోత్రనామాలు చెప్పించుకుని అక్షతలు పట్టుకున్నారు. అంతలో ఆయన చూపు పైకి వెళ్ళి, పందిరి రాటల వెంట మెల్లగా కిందికి దిగింది.

"మేష్టారూ" అన్నారు నా చెవిలో. "ఇది తాత్కాలిక నిర్మాణమా, శాశ్వత నిర్మాణమా?"

"అయిదు రోజుల పందిరి నాయనా."

"నేలలోకి ఎంత దిగింది, ఈ రాట?"

గోవర్ధనం ఎత్తి ఏడు దినాలు ఊరందరికీ కప్పు వేసిన స్వామి ఎదుట కొలువై ఉన్నాడు. ఆనాడు వ్రేపల్లెలో అనుమతుల అధికారి లేకపోవడం గోవుల పూర్వజన్మ సుకృతం. ఏకాంబరేశ్వరరావుగారి కుడిచెయ్యి పట్టుపంచె రొంటిలోకి వెళ్ళి టేపుతో పైకి వచ్చింది. పురోహితుడు వస్త్రసమర్పణ మంత్రం అందుకున్నాడు. మంగళసూత్రధారణకు ఇంకా పది నిమిషాలుంది. ఆయన గనుక ఒక్క రాట కొలిచారంటే, స్వామి పెళ్ళి వచ్చే ఏడాదికి పోతుంది.

చౌడమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. స్వామి పాదాల దగ్గరున్న మధుపర్కాల పళ్ళెం తెచ్చి ఆయన రెండు చేతుల్లోనూ పెట్టింది. టేపు చాప మీద పడి దొర్లిపోయింది.

"పట్టుకోండి బాబూ. పెద్దోరు, ఈ యేడు తమరే పట్టాలి. తాళి కట్టేదాకా దింపకూడదండి. దింపితే దోషం."

ఆయన ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. "నిజమేనా మేష్టారూ? అట్లాంటి నియమం ఉందా?"

నియమమని వినగానే ఆయన చేతులు పళ్ళేన్ని మరింత గట్టిగా పట్టుకున్నాయి. యాభై ఏళ్ళుగా నేను చదివిన ఆగమాలలో, స్మృతులలో, సంహితలలో అటువంటి దోషం ఒకటి ఉన్నట్టు నాకు ఎక్కడా కనబడలేదు.

"ఉంది నాయనా" అన్నాను. "భుజాల కన్న కిందికి కూడా రాకూడదు."